"మా రోజులే బాగుండేవి": ఇది కాలం గురించిన మాటా, వయసు గురించిన మాటా?

నిలువుటద్దం (చర్చ మొదలుపెట్టినవారు)

ఇంకో చర్చలో ఒకాయన "ఇప్పటి పిల్లలకు ఓపిక లేదు, పెద్దలంటే లెక్క లేదు, మా రోజుల్లో ఇలా ఉండేది కాదు" అని రాశారు. సగంమంది అవునవునన్నారు, కుర్రవాళ్లు మండిపడ్డారు, ఏమీ తేలలేదు. అందుకే విడిగా పెడుతున్నాను.

నా వాదన సూటిగా చెప్తాను. పెద్దవాళ్లు పొగిడేది ఆ కాలాన్ని కాదు, ఆ కాలంలో తమకున్న మోకాళ్లని.

నడివయసు దాటినవాళ్లని మీ జీవితంలోంచి ఏవైనా జ్ఞాపకాలు చెప్పండి అంటే, సుమారు పదేళ్లకీ ముప్పై ఏళ్లకీ మధ్య జరిగినవే ఎక్కువగా చెప్తారు. మనస్తత్వ శాస్త్రవేత్తలు 1980ల నుంచీ దీన్ని మళ్లీ మళ్లీ గమనించారు, 'రెమినిసెన్స్ బంప్' అని పేరు కూడా పెట్టారు. మొదటి స్నేహం, మొదటి జీతం, మొదటిసారి ఇల్లు వదలడం, అన్నీ ఆ వయసులోనే కదా. పాటల మీద 1989లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో, జనానికి అన్నిటికంటే నచ్చినవి తమకు ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లప్పుడు వచ్చిన పాటలే అని తేలింది. అంటే సంగీతం ఎప్పుడు చెడిపోయిందో తెలియాలంటే మీ పుట్టిన సంవత్సరం చెప్తే చాలు.

1950లో ఇరవై ఏళ్లున్నవాళ్లకి 1950 బంగారం, 1990లో ఇరవై ఏళ్లున్నవాళ్లకి 1990 బంగారం. మొదటివాళ్లు మాత్రం 1990ని చూసి తల పట్టుకున్నారు. ఇద్దరి మాటా నిజం ఎలా అవుతుంది?

పాతరేడియో

మోకాళ్ల మాట బాగుంది, నవ్వుకున్నాను. నాకు డెబ్బై దాటాయి, మోకాళ్లు నిజంగానే పోయాయి. కానీ ఈ బంప్ అనేదాన్ని పట్టుకుని మా నోరు మూయించేస్తున్నారు. మేం ఏం చెప్పినా "మీకు వయసైపోయింది, అందుకే అలా అనిపిస్తోంది" అంటే ఇక వాదన ఎక్కడిది?

ఒక్క విషయం తీసుకుందాం. మా చిన్నప్పుడు పిల్లలు పెద్దవాళ్ల కాపలా లేకుండా తిరిగేవారు. ఇది నా భ్రమ కాదు, ఇంగ్లండులో లెక్కగట్టారు. 1971లో ఏడెనిమిదేళ్ల పిల్లల్లో 80 శాతం మంది బడికి పెద్దల తోడు లేకుండా వెళ్లేవారు. 1990కి అది 9 శాతం. ఇరవై ఏళ్లు తిరక్కుండా! నా మోకాళ్లకీ దీనికీ ఏం సంబంధం?

లెక్కలపిచ్చి

పాతరేడియో గారూ, ఆ లెక్క నాకు తెలుసు, సరైనదే. అదే పరిశోధనలో ఇంకో ముక్క ఉంది, మీరు వదిలేశారు. ఆ ఇరవై ఏళ్లలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయే పిల్లల సంఖ్య బాగా తగ్గింది. రోడ్లు మంచివైపోయి కాదు, పిల్లల్ని రోడ్ల మీదికి రానివ్వడం మానేశారు కాబట్టి అని వాళ్లే రాశారు. మీరు గుర్తుచేసుకుంటున్న స్వేచ్ఛకి ఖరీదు చెల్లించినవాళ్లు ఇప్పుడు ఈ చర్చలో రాయడానికి లేరు.

"ఆ రోజుల్లో" అంటున్నవాళ్లందరినీ ఒకటడుగుతాను. 1990లో ప్రపంచంలో పుట్టిన ప్రతి వెయ్యిమంది పిల్లల్లో దాదాపు 93 మంది ఐదేళ్లు నిండకుండా పోయేవారు. 2022కి అది 37. మశూచి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది 1980లో. అంతకుముందు కాలాన్ని పొగిడేటప్పుడు మొహం మీద మచ్చలున్నవాళ్లు ఎవరూ గుర్తురారా?

ఇక "పిల్లలు చెడిపోయారు" అనే మాట. 2019లో ఇద్దరు అమెరికా పరిశోధకులు తమాషా విషయం బయటపెట్టారు. బాగా చదివే అలవాటున్న పెద్దలకి "ఈ కాలం పిల్లలు చదవరు" అని గట్టిగా అనిపిస్తుందట. అధికారాన్ని ఎక్కువగా గౌరవించేవాళ్లకి "పిల్లలకు గౌరవం లేదు" అనిపిస్తుందట. ఎవరికి ఏది ఎక్కువుందో, పిల్లల్లో అదే తక్కువ కనిపిస్తుంది. పైగా ఇప్పుడు తమకున్న గుణం చిన్నప్పుడూ అంతే ఉండేదనుకుంటారు.

2023లో వచ్చిన ఇంకో పరిశోధన అరవై దేశాల సర్వేలు కలిపి చూసింది. అన్నిచోట్లా జనం మంచితనం తగ్గిపోతోందనే అన్నారు. కానీ "ఇప్పుడు మీ చుట్టూ ఉన్నవాళ్లు మీతో ఎలా ఉంటున్నారు?" అని అడిగినప్పుడు మాత్రం దశాబ్దాలు గడిచినా జవాబుల్లో పెద్ద తేడా లేదు.

అటకమీదిపెట్టె

నేనూ పాతరేడియో గారి వయసుదాన్నే. నాకు ఈ లెక్కలు అక్కర్లేదు.

"ఆ రోజుల్లో ఇంటినిండా మనుషులు, ఎవరొచ్చినా ఆదరణ" అంటారే, ఆ ఆదరణ చేసిందెవరు? నవ్వులు ముందు గదిలో, చాకిరీ వెనక గదిలో. ముందు గదిలో కూర్చున్నవాళ్లకి ఇప్పుడు ఆ రోజులు తియ్యగా గుర్తున్నాయి. వెనక గదిలో ఉన్నదాన్ని నేను. నాకు చదువు ఆపించిన రోజు గుర్తుంది. నన్నడక్కుండా నా గురించి తేల్చేసిన సాయంత్రం గుర్తుంది. ఎవరైనా "పూర్వం కుటుంబాలు విడిపోయేవి కావు" అంటే నాకు నవ్వొస్తుంది. విడిపోవడానికి దారి లేక కలిసున్నవాళ్లు ఎంతమందో మా తరం ఆడవాళ్లని అడగండి.

ఇదేదో మా దగ్గరే అనుకోకండి. స్విట్జర్లాండులో ఆడవాళ్లకి దేశ ఎన్నికల్లో ఓటు వచ్చింది 1971లో. అక్కడి పెద్దాయన ఎవరైనా 1970 స్వర్ణయుగం అంటే, ఆయన భార్యని కూడా ఓ మాట అడగాలి కదా.

నన్ను మళ్లీ ఇరవై ఏళ్లకి పంపిస్తామంటే రాను. మోకాళ్లు తిరిగిస్తామన్నా సరే.

ఒకటి మాత్రం నిజం. ఒక స్నేహితురాలు రాసే ఉత్తరాల కోసం ఎదురుచూసేదాన్ని. ఇప్పుడు ఆవిడ మెసేజ్ నిమిషంలో వస్తుంది, నిమిషంలో మరిచిపోతాను. అది పోయిందని బాధపడితే నేను కాలాన్ని పొగిడినట్టా? నాకు అలా అనిపించదు.

ఇరవైరెండు

నా వయసే నా పేరు, దాచడానికేం లేదు.

పెద్దలు పాత రోజులు తలుచుకుంటే మాకేం అభ్యంతరం? నాకూ బడి రోజులు గుర్తొచ్చి గొంతు పట్టేస్తుంది. మా స్నేహితుల్లో కొందరైతే తాము పుట్టకముందు కాలం మీద కూడా బెంగపడతారు. క్యాసెట్లు కొంటారు, రీలు కెమెరాలు వెతుకుతారు. అప్పుడు బతకలేదు కాబట్టి మాది మోకాళ్ల గొడవ కాదు కదా నిలువుటద్దం గారూ, దీనికేమంటారు?

మాకు కోపం వచ్చేది జ్ఞాపకానికి కాదు, తీర్పుకి. "మేం కష్టపడ్డాం, మీరు సుఖానికి అలవాటుపడ్డారు" అంటారు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత వారసుల గొప్పల మీద వచ్చింది. ఇప్పుడు తాతలే తాగి, తాతలే వచ్చి మా మూతులు వాసన చూసి ఏమీ లేదేంటని తిడుతున్నారు.

లెక్కలే కావాలంటే ఇదిగో. హవాయి దీవుల్లోని మౌనా లోవా మీద 1958లో కొలవడం మొదలుపెట్టినప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్లలో సుమారు 315. ఇప్పుడు 420 దాటింది. మీ రోజులు బాగుండటానికైన బిల్లులో కొంత మా పేరున వచ్చింది. లెక్కలపిచ్చి గారి "అన్నీ మెరుగుపడ్డాయి" అన్న మాట కూడా నాకు అంతే చిరాకు. నిన్నటికంటే బాగున్నావు కదా, నోరు మూసుకో అన్నట్టుంటుంది.

లెక్కలపిచ్చి

అన్నీ అనలేదు తమ్ముడూ. పైకెళ్లి చదువు.

నిర్వాహకుడు

వయసుని బట్టి వెటకారాలు ఆపండి. రెండు వ్యాఖ్యలు తీసేశాను.

పద్యంపిచ్చి

అందరూ పరిశోధనలు చెప్తున్నారు, వెయ్యేళ్ల కిందటి మాట ఎవరూ ఎత్తరేం? "గతకాలము మేలు వచ్చుకాలముకంటెన్" అన్నాడు నన్నయ్య. పదకొండో శతాబ్దం. ఈ పాదాన్ని మన పెద్దలు "మా రోజులే మేలు" అనడానికి వాడేస్తుంటారు. అవతలివాళ్లు "చూశారా, వెయ్యేళ్ల నుంచీ ఇదే ఏడుపు" అని ఎగతాళికి వాడతారు. ఇద్దరూ సందర్భం చూడరు.

పాండురాజు పోయాక వ్యాసుడు తల్లి సత్యవతితో అనే మాట అది. ఆయన పాత రోజుల్ని తలుచుకుని మురిసిపోవడం లేదు. ముందు రాబోయే వినాశం ఆయనకి కనిపిస్తోంది, అది చూడలేవు, అడవికి వెళ్లి తపస్సు చేసుకో అని తల్లికి చెప్తున్నాడు. వెనక్కి చూసి అన్న మాట కాదు, ముందుకి చూసి భయపడి అన్న మాట.

నాకు ఈ చర్చంతా అలాగే కనిపిస్తోంది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంవాళ్లు 2006 నుంచీ ఈ పాత బెంగ మీద పనిచేస్తున్నారు. ఒంటరితనం, దిగులు ఉన్నప్పుడే జనం పాత రోజుల్లోకి వెళ్తారనీ, వెళ్లొచ్చాక కాస్త ధైర్యం వస్తుందనీ వాళ్లు చూశారు. 1688లో స్విస్ వైద్య విద్యార్థి ఒకాయన దీన్ని ఏకంగా జబ్బుగా లెక్కగట్టాడు. ఇప్పుడు మందంటున్నారు. ఇరవైరెండు స్నేహితులు క్యాసెట్లు కొనేది కూడా రేపటి మీద నమ్మకం లేకేనేమో.

నిలువుటద్దం

ఇరవైరెండు అడిగిన దానికి పద్యంపిచ్చి గారు నాకంటే బాగా జవాబిచ్చారు. నేను ఇంకొంచెం కలుపుతాను. మనసు చెడ్డ అనుభవాల చేదుని తొందరగా వదిలేస్తుంది, మంచివాటి తీపిని అంత తొందరగా వదలదు. దీని మీదా చాలా పరిశోధన ఉంది. పుట్టకముందు కాలానికైతే ఆ పని కూడా అక్కర్లేదు, మిగిలిన ఫొటోలే ఏరి చూపిస్తాయి. విసుగుతో గడిచిన మధ్యాహ్నాన్ని ఎవరూ ఫొటో తియ్యరు.

అటకమీదిపెట్టె గారి ఉత్తరాల సంగతి మాత్రం వేరు. ఆవిడ కాలమంతటినీ వెనక్కి రమ్మనడం లేదు. ఏది పోయిందో వేలు పెట్టి చూపిస్తున్నారు, ఏది పోయినందుకు హాయిగా ఉందో కూడా చెప్తున్నారు. "మా రోజులే మేలు" అనేవాళ్లతో నా గొడవ సరిగ్గా ఇక్కడే. మొత్తం మూటగట్టి పొగుడుతారు, విప్పి చూపించమంటే కోపం తెచ్చుకుంటారు.

పాతరేడియో

నేను విప్పే చూపించాను కదయ్యా! బడికి ఒంటరిగా వెళ్లే పిల్లలు. మూట ఎక్కడ కట్టాను?

అటకమీదిపెట్టె గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ముందు గదిలో కూర్చున్నవాణ్ని నేను. మీకు జవాబు చెప్పే హక్కు నాకు లేదనిపించింది, అందుకే ఊరుకున్నాను.

ఇరవైరెండు

పాతరేడియో గారూ, ఎకసెక్కంగా కాదు, తెలుసుకోడానికే అడుగుతున్నాను. మీకు పిల్లలు పుట్టాక వాళ్లని మీరు ఒంటరిగా బయటికి వదిలారా? కాపలా మొదలుపెట్టింది మా తరం కాదు కదా.

పాతరేడియో

వదల్లేదు. వీధిలో ఇంకే పిల్లలూ లేనప్పుడు మా పిల్లల్ని ఒక్కరినే ఎలా వదులుతాను? పదిమంది పిల్లలుంటే బండ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి, ఒక్కడుంటే ఆగవు. ప్రతి ఇంటివాళ్లూ ఇలాగే ఆలోచించారు, వీధి ఖాళీ అయింది. ఎవరి తప్పూ లేకుండానే పోయింది. దాన్ని మా తరం పోగొట్టిందంటావా, అను. పోయిందన్నది మాత్రం ఒప్పుకో.

ఇరవైరెండు

అది ఒప్పుకుంటాను. "మీకు ఓపిక లేదు" అన్నది ఒప్పుకోను.

పాతరేడియో

ఓపిక మాట నేననలేదు, ఇంకెవరో అన్నారు.

లెక్కలపిచ్చి

ఓపిక మాట వచ్చింది కాబట్టి. "ఇప్పుడే ఒక మిఠాయి తింటావా, కాసేపు ఆగితే రెండిస్తాను" అనే పిల్లల పరీక్ష ఉంది కదా. యాభై ఏళ్ల ఫలితాలు పోల్చి 2020లో రాశారు. ముందుగా నిపుణుల్ని అడిగితే వాళ్లలో సగానికి పైగా మంది, పిల్లల ఓపిక తగ్గుంటుందన్నారు. తీరా చూస్తే పెరిగింది.

వీధి విషయంలో మాత్రం పాతరేడియో గారితో నాకు పేచీ లేదు. నెదర్లాండ్స్‌లో 1970ల మొదట్లో రోడ్ల మీద పిల్లలు చనిపోతున్నారని తల్లిదండ్రులు, పిల్లలు వీధులకడ్డంగా కూర్చున్నారు. నివాస వీధుల్లో నడిచేవాళ్లకే వీధి మొత్తం, బండ్లు నడక వేగంతోనే పోవాలి అనే నిబంధన 1976లో చట్టంలోకి వచ్చింది. ఇలాంటిదేదో కావాలంటే చెప్పండి, వేరే చర్చ పెడదాం. అందులో నేను మీ పక్షమే. పేరులో "ఆ రోజుల్లో" అని మాత్రం పెట్టకండి, కుర్రవాళ్లెవరూ తెరిచి చూడరు.

అటకమీదిపెట్టె

నేనూ చూడను.