ఇంటి కంప్యూటర్‌కు ఏ డీవీడీ రైటర్ కొనాలి?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, ఎంవీపీ కాలనీ. మా అమ్మానాన్నల పెళ్లి వీడియో క్యాసెట్‌ను ఈమధ్యే కంప్యూటర్‌లోకి ఎక్కించాం. టేపు అంచున తెల్లగా బూజు పట్టి ఉంది. ఈ సముద్రపు గాలి, ఉక్క దేన్నీ వదలవు కదా. తాళి కట్టే ఘట్టంలో బొమ్మ అదిరినా, పక్కన నిలబడిన తాతయ్య ముఖం మాత్రం స్పష్టంగా ఉంది. ఆయన కదులుతూ కనిపించేది ఇందులో ఒక్కచోటే. హార్డ్ డిస్కు ఒక్కదాన్నే నమ్ముకోలేక, డీవీడీలు రాసి బంధువులకు తలా ఒకటి ఇవ్వాలనుకుంటున్నాను.

మదర్‌బోర్డు మీద సాటా పోర్టు (డ్రైవును కంప్యూటర్ లోపల తగిలించే చోటు) ఒకటి ఖాళీగా ఉంది. లోపల బిగించే రైటర్లు 24 రెట్ల వేగంతో, యూఎస్‌బీకి తగిలించే సన్నని రకాలు 8 రెట్ల వేగంతో రాస్తాయట. నాకు వేగం ముఖ్యం కాదు, రాసింది పదేళ్ల తర్వాత కూడా చదవగలగాలి. ఏది మేలు?

వీడియో 6 జీబీ ఉంది, 4.7 జీబీ డిస్కులో పట్టదు. 8.5 జీబీ రెండు పొరల డిస్కు వాడాలా, రెండు మామూలు డిస్కులుగా విడగొట్టాలా? మా పెద్దమ్మ ఇంట్లో ఉన్నది చాలా పాత ప్లేయర్, రెండు పొరల డిస్కును చదువుతుందో లేదో తెలియదు. ఎం-డిస్క్ (ఎక్కువ కాలం నిలిచేలా తయారుచేసే డిస్కు) రాయగల రైటర్ వాడినవారు ఉంటే దయచేసి మీ అనుభవం చెప్పండి. ద్వారకానగర్ ప్రాంతంలో దొరికే మోడల్ అయితే మరీ మంచిది.