కోనసీమ డాబా మీంచి చుక్కలు చూడాలంటే టెలిస్కోపే కొనాలా?

లంకమ్మాయి:
మాది రాజోలు దగ్గర పల్లెటూరండి. మా పాప ఎనిమిదో తరగతి. శనిగ్రహం వలయాలు తన కళ్ళతో చూడాలని పట్టుబట్టింది. ఆన్‌లైన్‌లో ‘525 రెట్లు’ అని రాసున్న టెలిస్కోపు ఒకటి చూసిపెట్టుకుంది కూడా. నాకు సప్తర్షుల్ని, ధ్రువుణ్ణి డాబా మీద పడుకోబెట్టి మా నాన్నగారు చూపించారు. ఇప్పుడు నాలుగు పక్కలా కొబ్బరిచెట్లు ఎదిగిపోయాయి, వీధిలో తెల్లలైటు వచ్చింది, నడినెత్తి మీద ముక్క తప్ప మిగల్లేదు. తెల్లారగట్ల చూద్దామంటే మంచు. ఇలాంటి చోట టెలిస్కోపు కొని లాభముందంటారా? బైనాక్యులర్‌తో సరిపెట్టుకోవచ్చా?

సైన్సు మాస్టారు:
ఆ 525 అంకె నమ్మకండి. కటకం వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లో దానికి రెండింతలు దాటితే బొమ్మ పెద్దదవుతుంది గానీ మసకబారిపోతుంది. 60 మిల్లీమీటర్ల కటకానికి 120 రెట్లే హద్దు. శని వలయాలకి అంత కూడా అక్కర్లేదు, 70 మిల్లీమీటర్ల టెలిస్కోపులో 40 రెట్లకే విడిగా తెలుస్తాయి. బైనాక్యులర్‌లో మాత్రం వలయాలు రావు, పాపకి ముందే చెప్పండి. గురుడి నాలుగు పెద్ద చందమామలు, మన చంద్రుడి మీద గుంటలు మాత్రం 10×50 (పది రెట్లు, 50 మిల్లీమీటర్ల కటకం) బైనాక్యులర్‌లో చక్కగా కనపడతాయి. చేతులు వణక్కుండా మోచేతులు పిట్టగోడకి ఆనించాలి.

చెరువుగట్టు:
నాకు సఖినేటిపల్లి దిగువన రొయ్యల చెరువులున్నాయండి. తెల్లారేముందు నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి రెండు, మూడు గంటలప్పుడు గట్టు మీద తిరగక తప్పదు. నాకు ఆకాశం అలవాటైంది అక్కడే. మకాం లైటుకి వీపు పెట్టి ఇరవై నిమిషాలు నిలబడితే కళ్ళు చీకటికి సర్దుకుంటాయి. ఈ మధ్యలో ఫోను తీశారా, మళ్ళీ మొదటికే. టార్చికి ఎర్ర కాగితం చుట్టుకుంటే ఆ ఇబ్బంది ఉండదు.

టెలిస్కోపు సంగతి మాస్టారు చెప్పారు. నా మాటగా ఒక్కటి చెబుతాను: నడినెత్తి ముక్క గురించి బాధపడకండి, దక్షిణం చూడండి. మనది 16న్నర డిగ్రీల అక్షాంశం, దక్షిణాన అడ్డూ ఆపూ లేని సముద్రం. సదరన్ క్రాస్ అని దక్షిణాన సిలువ ఆకారంలో ఉండే చుక్కల గుంపు ఉంది, ఢిల్లీలో ఉన్నవాళ్ళకి దాని అడుగు చుక్క అసలు ఉదయించదు. మనకి పది డిగ్రీల ఎత్తుకి లేస్తుంది. ఇంత భాగ్యం ఇంటి దగ్గరే ఉంటే దాని గురించి మన పిల్లలకి ఎవరూ చెప్పరు, అది నాకు చాలా బాధ.

ముందు అగస్త్యుడితో (కానోపస్ నక్షత్రం) మొదలుపెట్టండి. ఈ ఫిబ్రవరిలో రాత్రి తొమ్మిదింటికి దక్షిణం వైపు తిరిగితే బాగా పైన సిరియస్ ఉంటుంది, ఆకాశంలోకెల్లా ప్రకాశమైన చుక్క. చేయి చాచి పిడికిలి బిగిస్తే దాని వెడల్పు సుమారు పది డిగ్రీలు. సిరియస్ నుంచి మూడున్నర పిడికిళ్ళు కిందికి దిగండి. అక్కడున్నది అగస్త్యుడు, ప్రకాశంలో రెండోది. మీ డాబా మీంచి కొబ్బరాకులు అడ్డం రావచ్చు. దాళ్వా చేల మధ్య కాలవగట్టు ఎక్కితే చాలు.

సదరన్ క్రాస్ ఇప్పుడైతే తెల్లారగట్ల మూడు, మూడున్నరకి నిటారుగా నిలబడుతుంది. మంచు లేని రోజు నాకు గట్టు మీంచే కనపడుతుంది. నెలకి రెండు గంటలు ముందుకి జరుగుతుంది కాబట్టి మే మొదటి వారానికి రాత్రి తొమ్మిదిన్నరకే దొరుకుతుంది. పాపకి సెలవులు కూడా. అమావాస్యకి అటూ ఇటూ చూసుకుని అంతర్వేది వెళ్ళండి, వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే వైపు. సిలువకి ఎడమ పక్కన రెండు పెద్ద చుక్కలుంటాయి. వాటిలో దూరంగా ఉన్నది ఆల్ఫా సెంటారీ. మనకి అన్నిటికన్నా దగ్గరి నక్షత్రాల కుటుంబం, కాంతికి నాలుగేళ్ళు పైచిలుకు దారి. సిలువకి దగ్గరున్నది బీటా సెంటారీ. బీటా నుంచి పైకి ఎప్సిలాన్ సెంటారీ అనే చుక్క, అంతే దూరం మళ్ళీ పైకి వెళ్తే ఒమేగా సెంటారీ. బైనాక్యులర్‌లో చుక్కలా కాక గుండ్రంగా, అంచులు చెదిరి మసగ్గా ఉంటుంది. అందులో కోటి దాకా నక్షత్రాలున్నాయి, 17,000 కాంతి సంవత్సరాల దూరం. మొదటిసారి అది నా కళ్ళకి అందినప్పుడు చెరువు సంగతి కాసేపు మర్చిపోయాను.

భీష్మ ఏకాదశి తీర్థం రోజుల్లో మాత్రం వద్దు. జనం, లైట్లు, పైగా పెరిగిన చంద్రుడు.

సైన్సు మాస్టారు:
గట్టుగారు చెప్పిన టైములు మనకి దాదాపు నిమిషాలతో సహా సరిపోతాయి. దేశమంతటి గడియారం నడిచే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్లోంచే పోతుంది కదా.

లంకమ్మాయి:
నిన్న రాత్రి కాలవగట్టు మీంచి అగస్త్యుణ్ణి పట్టేశామండి! పాప పిడికిళ్ళు చిన్నవి, నాలుగున్నర పట్టాయి. బైనాక్యులరే కొంటున్నాం. మా ఊళ్ళో ఈ తేమకి కెమెరా లెన్సుకే బూజు పట్టింది, బైనాక్యులర్‌నెలా కాపాడాలి?

చెరువుగట్టు:
శుభం అండి. చూడ్డం అయ్యాక తడి మీద మూత పెట్టకండి, ఫ్యాను కింద ఆరనివ్వండి. తర్వాత గాలి చొరని డబ్బాలో సిలికాజెల్ పొట్లాలు వేసి పెట్టండి. పొట్లాలు నెమ్మెక్కితే మార్చండి. సముద్రం దగ్గర్నుంచి వచ్చిన రోజు బయటి భాగం కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో తుడవండి, ఉప్పు ఉండిపోతుంది. అద్దాల్ని మాత్రం ముందు బ్రష్‌తో దులపకుండా రుద్దొద్దు, ఇసుక గీతలు పడతాయి.