వైబ్రేషన్ సెన్సర్లు: ఐదేళ్లు దాటితే అన్నీ మార్చాలా, పాడైనవే మార్చాలా?

కృష్ణపట్టె ఇన్‌స్ట్రుమెంట్:
అందరికీ నమస్తే. హుజూర్‌నగర్ వైపు ఒక సిమెంట్ ప్లాంట్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూస్తాను. ఏ ప్లాంటని అడగొద్దు. వచ్చే కిల్న్ (సున్నపురాయి కాల్చే పెద్ద కొలిమి) షట్‌డౌన్‌కి, మెషీన్ల అదురు కొలిచే వైబ్రేషన్ సెన్సర్ల స్పేర్ల లిస్ట్ ఇవ్వాలి, అక్కడే లొల్లి మొదలైంది.

కిల్న్ ఐడీ ఫ్యాన్ (వేడి పొగ లాగేది), బ్యాగ్ హౌస్ (దుమ్ము పట్టే చోటి) ఫ్యాన్ బేరింగ్‌ల మీద 4–20 మిల్లీయాంప్ ట్రాన్స్‌మిటర్లు ఉన్నాయి. వర్టికల్ మిల్లు గేర్‌బాక్స్ మీద 100 మిల్లీవోల్ట్ యాక్సిలరోమీటర్లు (అదురును వోల్టేజ్‌గా మార్చే సెన్సర్లు), అవి మానిటరింగ్ రాక్‌కి పోతాయి. క్యాప్టివ్ (ప్లాంట్ సొంత) పవర్ ప్లాంట్ టర్బైన్‌కి ప్రాక్సిమిటీ ప్రోబ్‌లు, అంటే షాఫ్ట్‌ను తాకకుండా దాని దూరం కొలిచేవి. చాలావరకు ఐదేళ్లు దాటినవే.

మెకానికల్ హెడ్ ఏమంటున్నారంటే, ఐదేళ్లు దాటినవన్నీ పీకేసి కొత్తవి బిగించండి, పోయినసారి తప్పుడు ట్రిప్పుతో కిల్న్ ఆగింది, మళ్లీ ఆ టెన్షన్ నాకొద్దని. స్టోర్స్ వాళ్లేమో మీ వైబ్రేషన్ స్పేర్లు ఏళ్ల తరబడి నాన్-మూవింగ్ (కదలని సరుకు) లిస్టులోనే పడి ఉన్నాయి, ముందు అవి వాడండి అంటున్నారు. మీ దగ్గర ఎట్లా చేస్తున్నారు?

పాత ఫోర్‌మన్:
తమ్మీ, అన్నీ మార్చడం దండగ. యాక్సిలరోమీటర్ లోపల అరిగేది ఏమీ లేదు. క్రిస్టల్, చిన్న సర్క్యూట్, అంతే. దాని వేడి పరిమితి దాటించకపోతే, ఎవరూ సుత్తితో కొట్టకపోతే చాలా ఏళ్లు నడుస్తుంది. బాగున్న సెన్సర్‌ను వయసు చూసి పీకడమంటే నొప్పి లేనివాణ్ణి కూర్చోబెట్టి పళ్లన్నీ పీకించినట్టే.

పైగా పీకి బిగించడంలోనే కొత్త తప్పులు వస్తాయి. కింద ప్యాడ్ మీద సిమెంట్ దుమ్ము సరిగ్గా తుడవరు. స్టడ్‌ను చేతి అందాజాతో బిగిస్తారు. కనెక్టర్ మరలు అడ్డంగా ఎక్కిస్తారు. షట్‌డౌన్ చివరి రోజు రాత్రి కాంట్రాక్ట్ కుర్రాళ్లు ఎట్లా పని చేస్తారో మనకు తెలియనిదా?

నేను చూసినంతలో పోయేది సెన్సర్ కాదు, కేబుల్. ఐడీ ఫ్యాన్ దగ్గర వేడికి తొడుగు పెళుసెక్కుతుంది. జంక్షన్ బాక్స్ గ్లాండ్ వదులైతే వానకు నీళ్లు దిగుతాయి. కేబుల్ ట్రేలో ఎలుకల సంగతి చెప్పనక్కర్లేదు. ముందు బయాస్ వోల్టేజ్, అంటే సెన్సర్ తీగల మీద ఎప్పుడూ నిలిచి ఉండే డీసీ వోల్టేజ్ చూడు. మామూలు యాక్సిలరోమీటర్‌కు 10–14 వోల్టుల మధ్య ఉంటుంది. సున్నాకు దగ్గరగా ఉంటే ఎక్కడో షార్ట్. సప్లై వోల్టేజ్ మొత్తం, అంటే 24 దాకా చూపిస్తే ఎక్కడో తెగింది. మల్టీమీటర్ చాలు, దీనికి కొత్త సెన్సర్ కొనాల్సిన పని లేదు.

టర్బైన్ హాల్:
ఫోర్‌మన్ గారూ, మీరు చెప్పింది బేరింగ్ పైన బయట ఉండే సెన్సర్లకు సరే. మా పవర్ ప్లాంట్ వాళ్ల బాధ వేరు. ప్రాక్సిమిటీ ప్రోబ్‌లు కొన్ని బేరింగ్ హౌసింగ్ లోపల ఉంటాయి. మెషీన్ నడుస్తుండగా చెయ్యి పెట్టలేం. కవర్ తెరిచేది ఓవర్‌హాల్‌కే. ఆ అవకాశం పోతే మళ్లీ తెరిచేది ఎప్పుడో.

దామరచర్ల దగ్గర యాదాద్రి ప్లాంట్‌లో ఒక్కో యూనిట్ 800 మెగావాట్లు. అంత యూనిట్ గంట ఆగితే పోయే కరెంటు 8 లక్షల యూనిట్లు. మళ్లీ బాయిలర్ లైటప్ చేయడానికి ఆయిల్ ఖర్చు అదనం. అట్లాంటి చోట ప్రోబ్ ధర గురించి వాదించడం నాకు నవ్వొస్తుంది. లోపల చెయ్యి పట్టనివి ఓవర్‌హాల్‌లో మార్చేయండి, పాతవి బెంచ్ మీద పరీక్షించి బాగుంటే స్పేర్‌గా పెట్టుకోండి. బయట చెయ్యి అందేవి పరీక్షించి ఉంచండి. వయసు కాదు చూడాల్సింది, అది ఎక్కడ ఉందన్నది.

పాత ఫోర్‌మన్:
లోపలి వాటికి ఒప్పుకుంటా. కానీ 'మార్చేయండి' అంటే మొత్తం చానల్ అని అర్థం చేసుకోవాలి. ప్రోబ్, ఎక్స్‌టెన్షన్ కేబుల్, ప్రాక్సిమిటర్ (ప్రోబ్ సిగ్నల్‌ను వోల్టేజ్‌గా మార్చే డబ్బా) మూడూ కలిపి ట్యూన్ చేసిన సెట్. ఒకటి ఒక కంపెనీది, ఇంకొకటి ఇంకో కంపెనీది కలిపితే స్కేల్ ఫ్యాక్టర్ (దూరం మారితే వోల్టేజ్ ఎంత మారుతుందన్న లెక్క, అంటే స్లోప్) మిల్‌కు (అంగుళంలో వెయ్యో వంతుకు) 200 మిల్లీవోల్టుల దగ్గర నిలబడదు. బిగించాక గ్యాప్ వోల్టేజ్ (ప్రోబ్‌కూ షాఫ్ట్‌కూ మధ్య దూరాన్ని చూపేది) మైనస్ 10 వోల్టులకు అటూఇటూ వస్తే అంతా బాగుందనుకుంటారు. గ్యాప్ సరిగ్గా ఉండి స్లోప్ తప్పు ఉండొచ్చు. మైక్రోమీటర్ పెట్టి ఒక్కో అడుగు జరిపి గీత గీసి చూడాలి. షాఫ్ట్ లోహం కూడా లెక్కే. ప్రోబ్‌ను మామూలుగా 4140 స్టీల్ మీద కాలిబ్రేట్ చేస్తారు, షాఫ్ట్ వేరే లోహమైతే స్లోప్ మారుతుంది.

స్టోర్స్ సూర్యాపేట:
ఇప్పుడు నేను మాట్లాడొచ్చా? ఇన్‌స్ట్రుమెంట్ వాళ్లు స్టోర్స్‌ను తిట్టడం అలవాటు చేసుకున్నారు. మా ర్యాక్‌లో ఏమున్నాయో చెబుతా వినండి. 9 మీటర్ల ప్రాక్సిమిటర్లు. ఫీల్డ్‌లో ఉన్నది 5 మీటర్ల లూప్, అంటే ప్రోబ్ నుంచి ప్రాక్సిమిటర్ దాకా కేబుల్ మొత్తం 5 మీటర్లు. ఇండెంట్ పెట్టినవాళ్లు పార్ట్ నంబర్‌లో చివరి అంకెలు చూడలేదు. ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొనలేదు, ప్రోబ్‌లు మాత్రం కొన్నారు. ఇది నాన్-మూవింగ్ కాక ఇంకేమవుతుంది? ఆడిట్ వాళ్లు వచ్చి డబ్బంతా బ్లాక్ అయిందని రాస్తే సంతకం పెట్టేది నేను.

ఎఫ్ఎస్ఎన్ (ఫాస్ట్, స్లో, నాన్-మూవింగ్) లెక్కలో వైబ్రేషన్ స్పేర్లు ఎప్పుడూ 'ఎన్'లోనే ఉంటాయి, అది సహజం. దాన్ని తప్పని నేను అనడం లేదు. వాటిని వీఈడీ లెక్కలో చూడాలి. వైటల్ ఏది, ఎసెన్షియల్ ఏది, డిజైరబుల్ ఏది అని డిపార్ట్‌మెంట్ రాసి ఇవ్వాలి. రాసివ్వమంటే అన్నిటికీ 'వైటల్' అని రాసిస్తారు. అప్పుడు నాకేం తెలుస్తుంది?

కృష్ణపట్టె ఇన్‌స్ట్రుమెంట్:
స్టోర్స్ అన్నా, ఆ 9 మీటర్ల సంగతి మా దగ్గర కూడా ఉంది. కేబుల్ పొడవే కదా, ఎక్కువ ఉంటే చుట్టి పెట్టొచ్చు అని మా హెడ్ అంటున్నారు.

టర్బైన్ హాల్:
చుట్టి పెట్టడం వేరు, తప్పు పొడవు కలపడం వేరు. 9 మీటర్ల సిస్టమ్‌లో ప్రోబ్ కేబుల్, ఎక్స్‌టెన్షన్ కేబుల్ కలిపి మొత్తం 9 అయితే మిగిలింది చుట్టి కట్టుకోవచ్చు. 5 మీటర్ల లూప్‌కు 9 మీటర్ల ప్రాక్సిమిటర్ తగిలించడం మాత్రం కుదరదు. ఆ పొడవు కేబుల్ కెపాసిటెన్స్‌ను లెక్కలోకి తీసుకునే ప్రాక్సిమిటర్‌ను తయారు చేస్తారు. రీడింగ్ వస్తుంది, అదే ప్రమాదం. రీడింగ్ రాకపోతే ఎవరో ఒకరు అడుగుతారు.

పాలమూరు పంపులు:
కొంచెం ఆలస్యంగా వచ్చాను. నేను ఎత్తిపోతల పంపుల వైపు పని చేస్తా. కల్వకుర్తి ఎత్తిపోతల్లో ఒక్కో పంపు 30 మెగావాట్లు. మన దగ్గర ఐదేళ్ల లెక్కా పనికిరాదు, పాడైనప్పుడే అన్న లెక్కా పనికిరాదు. కృష్ణలో వరద వచ్చిన నెలల్లో పంపులు రాత్రింబగళ్లు నడుస్తాయి, తర్వాత నెలల తరబడి నిలబడి ఉంటాయి. నిలబడి ఉన్నప్పుడే తేమ పట్టేది. పంప్‌హౌస్ నేల కింద, గాలిలో ఎప్పుడూ చెమ్మ. కనెక్టర్ పిన్నులు పచ్చబడతాయి. మే, జూన్‌లో ప్రతి చానల్ చూసుకోకపోతే జులైలో పంపు స్టార్ట్ చేసిన రోజు తెలుస్తుంది.

ఇంకో సంగతి. కొన్ని చోట్ల వైర్‌లెస్ సెన్సర్లు పెట్టారు. వాటి లిథియం థయోనిల్ క్లోరైడ్ బ్యాటరీలను స్టోర్‌లో ఏళ్లు ఉంచితే లోపల పొర కట్టి, మొదట లోడ్ పడగానే వోల్టేజ్ పడిపోతుంది. కొత్త బ్యాటరీ అని పెడతారు, సెన్సర్ పలకదు, సెన్సరే పోయిందని రాసేస్తారు. వీటిని ఎక్కువ కొని దాచుకోవడం దండగ.

మిర్యాలగూడ మిల్లు:
మీ 800 మెగావాట్ల మాటలు చూసి అడగాలా వద్దా అనుకున్నా. మాది రైస్ మిల్లు. చేతిలో పట్టుకునే మీటర్ ఒకటి ఉంది. బ్లోయర్, ఎలివేటర్ బేరింగ్‌ల మీద పెట్టి చూస్తాం. దానికి స్పేర్ ఏముంటుంది?

పాత ఫోర్‌మన్:
ఉంటుందన్నా. అయస్కాంతం బేస్ ఒకటి, సెన్సర్ నుంచి మీటర్‌కు పోయే చుట్ల కేబుల్ ఒకటి. ఆ కేబుల్ మెలికల దగ్గరే తెగుతుంది. మీటర్‌ను ఏడాదికోసారి కాలిబ్రేషన్‌కు పంపండి. ప్రతిసారీ బేరింగ్ మీద ఒకే చోట పెట్టండి, అక్కడ పెయింట్ గీకి గుర్తు పెట్టుకోండి.

కృష్ణపట్టె ఇన్‌స్ట్రుమెంట్:
ఈ వారం ఫ్యాన్లు కొద్దిసేపు ఆగినప్పుడు చూశాను. గేర్‌బాక్స్ యాక్సిలరోమీటర్లలో ఎక్కువ 11, 12 వోల్టుల దగ్గరే ఉన్నాయి. ఒకటి సున్నా, ఒకటి 24కు దగ్గర. రెండింటికీ తప్పు జంక్షన్ బాక్స్‌లోనే దొరికింది, సెన్సర్లు బాగున్నాయి. ట్రాన్స్‌మిటర్లకు బయాస్ ఉండదు కాబట్టి ఫ్యాన్ ఆగినప్పుడు 4 మిల్లీయాంప్ వస్తోందా అని చూశాను. ఇక్కడ ఒక వింత. ఒకటి సున్నా మిల్లీయాంప్ ఇస్తోంది, అంటే వైరు తెగింది. డీసీఎస్ (కంట్రోల్ రూమ్ కంప్యూటర్) దాన్ని 'వైబ్రేషన్ సున్నా' అని పచ్చగా చూపిస్తోంది. 3.6 మిల్లీయాంప్ కంటే తగ్గితే సిగ్నల్ పోయినట్టు లెక్కపెట్టాలని ఎవరూ సెట్ చేయలేదు. ఎన్ని కొత్త సెన్సర్లు కొన్నా ఇది బయటపడేది కాదు.

మా హెడ్‌కు ఇది చెప్పినా 'అన్నీ మార్చేస్తే ఒకసారితో పని అయిపోతుంది కదా' అనే అంటున్నారు.

టర్బైన్ హాల్:
ఆయనతో ఈ మాట చెప్పండి. కొత్త సెన్సర్‌కు సెన్సిటివిటీలో 5, 10 శాతం తేడా మామూలే. 300 కిలోవాట్లు దాటి గట్టి పునాది మీద ఉన్న ఫ్యాన్‌కు ఐఎస్ఓ 10816-3 పట్టికలో బీ–సీ హద్దు (దాటితే ఎక్కువ కాలం నడపకూడదు) సెకనుకు 4.5 మిల్లీమీటర్లు, సీ–డీ హద్దు (దాటితే మెషీన్‌కు ప్రమాదం) 7.1 (ఇప్పుడు దాని స్థానంలో 20816-3 వచ్చింది). 10 శాతం తేడా అంటే 4.5 దగ్గర 0.45. ఒకే రోజు అన్నీ మార్చి, అదే షట్‌డౌన్‌లో ఫ్యాన్ బ్లేడ్ల మీద పేరుకున్న దుమ్ము కూడా గీకేస్తారు. తర్వాత రీడింగ్ తగ్గితే అది ఫ్యాన్ బాగుపడినందుకా, సెన్సర్ మారినందుకా? ట్రెండ్ తెగిపోతుంది. మార్చక తప్పకపోతే బేరింగ్‌కు ఒకటి పాతది ఉంచి, రెండోది మార్చండి.

పాలమూరు పంపులు:
కేబుల్ షీల్డ్ (తీగల చుట్టూ ఉండే లోహపు తొడుగు) సంగతి కూడా చూసుకోండి. మార్చేటప్పుడు రెండు వైపులా ఎర్త్ చేస్తే 50 హెర్ట్జ్ దగ్గర నిజంగా లేని అదురు గీత కనబడుతుంది. ఒకవైపే, అదీ రాక్ దగ్గర చేయండి.

కృష్ణపట్టె ఇన్‌స్ట్రుమెంట్:
సరే, నేను రాసే లిస్ట్ ఇది. టర్బైన్‌కు పూర్తి చానల్ ఒకటి, 5 మీటర్లది, ప్రోబ్ నుంచి ప్రాక్సిమిటర్ దాకా. కనెక్టర్లు, వేడి తట్టుకునే కేబుల్ మాత్రం ఎక్కువ. యాక్సిలరోమీటర్, ట్రాన్స్‌మిటర్ రెండు చొప్పున. రాక్‌కు పవర్ సప్లై కార్డ్ ఒకటి. 9 మీటర్లవి వెనక్కి ఇచ్చేయడానికో, వాటికి తగ్గ లూప్ ఉన్న ప్లాంట్‌కు పంపడానికో స్టోర్స్ వాళ్లకు లెటర్ ఇస్తున్నా.

పాత ఫోర్‌మన్:
పవర్ సప్లై కార్డ్ ఒక్కటే నాకు అనుమానం. దానిలో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు ఉంటాయి. నడుస్తుంటే వేడికి ఎండుతాయి, 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం. కరెంటు లేకుండా బీరువాలో ఏళ్లు పడి ఉన్నా చెడతాయి. మన ఎండాకాలం స్టోర్ రేకుల షెడ్ అయితే ఇక చెప్పేదేముంది. ఏడాదికోసారి బయటికి తీసి కొన్ని గంటలు కరెంటు ఇవ్వాలి.

టర్బైన్ హాల్:
తమ్ముడూ, మీ రాక్‌లో పవర్ సప్లై స్లాట్లు ఎన్ని?

కృష్ణపట్టె ఇన్‌స్ట్రుమెంట్:
రెండు. రెండోది ఖాళీగానే ఉంది.

టర్బైన్ హాల్:
మరి స్పేర్‌ను బీరువాలో ఎందుకు దాచడం? రెండో స్లాట్‌లోనే పెట్టండి, వేరే ఫీడర్ నుంచి కరెంటు ఇవ్వండి. ఒకటి పోతే రెండోది ఆపకుండా నడిపిస్తుంది, పోయిన దానికి అలారం వస్తుంది. తీరిగ్గా కొత్తది తెప్పించుకోవచ్చు.

స్టోర్స్ సూర్యాపేట:
మీరు హాయిగా స్లాట్‌లో పెట్టేస్తారు. అప్పుడు నా లెడ్జర్‌లో దాన్ని ఇష్యూ అని రాయాలా, స్టాక్ అని రాయాలా?