మూడో గేరు పోయిన కారుతో ఆదివారం పోటీకి దిగవచ్చా?

ప్రశ్న (డాలస్ నుంచి)
వారాంతపు బ్రాకెట్ రేసు (ఎంత సమయంలో దాటుతామో ముందే రాసి, ఆ తేడా మేరకు నెమ్మది కారు ముందుగా బయలుదేరే పోటీ) కోసం ఎన్నిస్‌లోని టెక్సాస్ మోటర్‌ప్లెక్స్‌కు వచ్చాను. పావు మైలును 12.40 సెకన్లలో దాటే నా పాత మస్టాంగ్ శనివారం ట్రయల్ పరుగుల్లోనే మూడో గేరు అందుకోవడం మానేసింది. రెండో గేరులోనే చివరి దాకా లాగితే 13.7 దగ్గర వస్తోంది. డయల్ (ముందుగా రాసే ఆ సమయం) మార్చి ఆదివారం పోటీ చేయాలా, మిత్రుడు ఇస్తానంటున్న కారు తీసుకోవాలా, ట్రైలర్ ఎక్కించి ఇంటికి వెళ్లాలా అన్న విషయంలో మాలో మాకే కుదరడం లేదు.

మొదటి జవాబు
నిస్సంకోచంగా పోటీ చేయండి. బ్రాకెట్ పద్ధతి ఉన్నదే నెమ్మది కారుకూ వేగవంతమైన కారుకూ సమాన అవకాశం ఇవ్వడానికి. మీరు 13.70 అని రాసి, ప్రత్యర్థి 11.00 అని రాస్తే, మీకు పచ్చదీపం 2.7 సెకన్లు ముందే వెలుగుతుంది. అక్కడి నుంచి గెలుపోటములు తేల్చేది దీపం చూసి మీరు ఎంత త్వరగా కదిలారు, రాసిన సమయానికి ఎంత దగ్గరగా వచ్చారు అన్న రెండు విషయాలే. పైగా రెవ్ లిమిటర్‌కు (ఇంజిన్ తిరిగే వేగాన్ని ఒక హద్దు దాటనివ్వని ఏర్పాటుకు) తగిలి నడిచే కారు వేగం ఒకచోట ఆగిపోతుంది కనుక, మధ్యాహ్నపు ఎండకు ఇంజిన్ బలం కాస్త తగ్గినా సమయంలో పెద్ద తేడా రాదు.

రెండో జవాబు
లెక్క సరైనదే, కానీ ఇందులో యంత్రం సంగతి మరచిపోయారు. సుమారు ఏడు సెకన్లు లిమిటర్ మీదే ఇంజిన్‌ను ఉంచితే వాల్వ్ స్ప్రింగులు (ఇంజిన్ వాల్వులను మూసే స్ప్రింగులు) ఎన్ని రౌండ్లు తట్టుకుంటాయి? అది ఇష్టంలేక యాక్సిలరేటర్ కొద్దిగా వదిలితే, ఆ వదలడం ప్రతిసారీ ఒకేలా ఉండదు కాబట్టి మొదటి జవాబులో చెప్పిన నిలకడ పోతుంది. అంతకంటే ముఖ్యంగా, ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) డిప్‌స్టిక్, అంటే ఆయిల్ మట్టం చూసే పుల్ల, తీసి ఆయిల్‌ను తెల్లగుడ్డ మీద తుడిచి చూడాలి. ఎర్రగా, శుభ్రంగా ఉంటే ఆలోచించవచ్చు. గోధుమరంగుకు తిరిగి మాడువాసన వస్తే లోపల క్లచ్ పలకలు కాలిపోయినట్టే. వేడెక్కిన ఆయిల్ పొంగి ఎగ్జాస్ట్ గొట్టాల మీద పడితే మంటలు రేగవచ్చు, వెనక టైరు కిందికి చేరితే కారు పక్క లేన్‌లోకి తిరుగుతుంది. అప్పుడు నష్టపోయేది మీరొక్కరే కాదు. ట్రాక్ శుభ్రం చేసేదాకా అందరూ వరుసలో ఎండకు కూర్చోవాలి. అరువు కారు ఆలోచన కూడా నాకు నచ్చలేదు. ముందు చక్రం సైజు మారితే స్టార్టింగ్ లైన్ దగ్గర కారు కదలికను పసిగట్టే కాంతికిరణాన్ని కారు వదిలే క్షణం మారుతుంది. అలవాటైన సమయానికే కాలు కదిపితే ముందే కదిలినందుకు ఎర్రదీపమైనా పడుతుంది, లేదా ఆలస్యమైనా అవుతుంది.

మూడో జవాబు (హైదరాబాద్ నుంచి)
డయల్ మార్చుకునే సౌకర్యమైనా మీకుంది. మేము 600 కిలోమీటర్లకు పైగా లారీ మీద కారును చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కు తీసుకెళ్తే, అక్కడ ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి వర్గాలు; తక్కువ సమయం తీసినవారిదే గెలుపు. గేరు పోయిందంటే కథ అక్కడితో అయిపోయినట్టే. కాబట్టి ఆయిల్ బాగుంటే ఒక్క రౌండైనా ఆడమంటాను.

ప్రశ్న అడిగినవారు
ఆయిల్ ఎర్రగానే ఉంది, కానీ డిప్‌స్టిక్ గొట్టం మూతి చుట్టూ తడి కనిపిస్తోంది. శుభ్రంగా తుడిచి, అక్కడ గుడ్డ చుట్టి, రేపు ఉదయం ట్రయల్ పరుగు ఒకటి తీస్తాను. గుడ్డ తడిస్తే కారు నేరుగా ట్రైలర్ ఎక్కుతుంది. పొడిగా ఉంటే 13.70 రాస్తాను, వాల్వ్ స్ప్రింగుల విషయంలో మాత్రం రెండో జవాబుతో ఇంకా ఏకీభవించలేకపోతున్నాను.