తొమ్మిదో తరగతిలో కబడ్డీ మొదలుపెట్టిన పిల్లని పోటీలకి పంపొచ్చా?

చీపురుపల్లి నాన్న:
మా పాప జడ్పీ హైస్కూల్లో తొమ్మిది చదువుతోంది. మొన్నటిదాకా ఆటలంటే సాయంత్రం తమ్ముడితో వీధిలో షటిల్ కొట్టడమే. జూలైలో ఒకరోజు ప్రేయర్ అయ్యాక డ్రిల్ సారు చూసి "పొడుగున్నావు, సాయంత్రం గ్రౌండుకి రా" అన్నారట. ఇక ఆ రోజు నుంచి ఇంట్లో కబడ్డీ తప్ప వేరే మాట లేదు. మండలం పోటీలకి వెళ్తానంటోంది. టీమ్‌లో మిగతా పిల్లలు ఆరో తరగతి నుంచి ఆడుతున్నవాళ్లు. మా ఆవిడ వద్దంటోంది. వచ్చే ఏడు టెన్త్, పైగా మోకాలికి ఏమైనా అయితే ఎవరు చూస్తారు అని. ఆడుకోవడానికి నాకేం అభ్యంతరం లేదు. కానీ పోటీ వేరు కదా. పద్నాలుగేళ్లకి మొదలుపెట్టిన పిల్లని మూడేళ్లుగా ఆడుతున్నవాళ్ల మీదకి పంపడం సరైనదేనా? ఆట తెలిసినవాళ్లు చెప్పండి.

ఇద్దరు పిల్లల తల్లి:
వద్దండి. నా మాట చేదుగా ఉంటుంది కానీ చెప్తున్నా. తొమ్మిదిలో లెక్కలు, సైన్సు పట్టు తప్పితే పదిలో అందుకోవడం కష్టం. గ్రౌండు నుంచి వచ్చిన పిల్ల ఏడున్నరకి పుస్తకం ముందు కునికిపాట్లు పడుతుంది, మా పెద్దవాడితో చూశాను. వ్యాయామం కావాలంటే పొద్దున్నే పరుగు, స్కిప్పింగ్ చాలదా? ఒకరి మీద ఒకరు పడే ఆటే కావాలా?

రిటైర్డ్ డ్రిల్ మాస్టారు:
నాన్నగారూ, ముందు మీ సందేహంలో సగం తీర్చేస్తాను. పద్నాలుగు ఆలస్యమా అంటే ఏ ఆటకి అని అడగాలి. జిమ్నాస్టిక్స్‌కి ఆలస్యమే. టెన్నిస్, బ్యాడ్మింటన్‌లో పెద్ద పోటీల దాకా వెళ్లేవాళ్లు చాలామంది ఏడెనిమిదేళ్లకే రాకెట్ పడతారు. కబడ్డీ అలాంటిది కాదు. కాళ్లలో బలం, చేతిలో పట్టు, ఊపిరి, కాస్త తెగువ, ఇవి అడుగుతుంది. అవి శరీరానికి వచ్చేదే ఈ వయసులో. మన ఊళ్లలో దీన్ని చెడుగుడు అన్న రోజుల్లో ఎవరికి కోచింగ్ ఉంది చెప్పండి?

జ్యోతి యర్రాజి సంగతి మీకు తెలిసే ఉంటుంది. విశాఖపట్నం పిల్ల. స్కూల్లో పీఈటీ పొడుగు చూసి హర్డిల్స్ వైపు మళ్లించారు. 2022లో వంద మీటర్ల హర్డిల్స్‌లో ఇరవై ఏళ్ల నాటి జాతీయ రికార్డు బద్దలుకొట్టింది, మరుసటి ఏడు బ్యాంకాక్‌లో ఆసియా ఛాంపియన్ అయింది. ఇంకో మాట. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో ఇచ్చిన నివేదికలో, పదిహేను పదహారేళ్లు వచ్చేదాకా పిల్లల్ని ఒకే ఆటకి కట్టేయొద్దనే చెప్పింది. చిన్నప్పుడే మొదలుపెట్టినవాళ్లే గెలుస్తారన్న లెక్క అన్ని ఆటలకీ సరిపోదు.

అయితే ఒక షరతు. మొదటి నెల మ్యాచ్ ఆడించకూడదు. ముందు పడటం నేర్పాలి. నవ్వకండి, చాలా దెబ్బలు పట్టుకున్నప్పుడు కాదు, పడ్డప్పుడు తగులుతాయి. తర్వాత పక్కమ్మాయి చెయ్యి పట్టుకుని చైన్‌లో కదలడం. కొత్త పిల్లని కవర్‌లో, అంటే కార్నర్‌కి లోపలివైపు పక్కన పెట్టాలి, వరస చివరి కార్నర్‌లో కాదు. కార్నర్‌లో నిలబడి రైడర్ (ముట్టుకోవడానికి వచ్చే అవతలి పిల్ల) చీలమండ పట్టాలంటే కన్ను కుదరాలి, దానికి ఏళ్లు పడుతుంది. కవర్‌లో అయితే పక్కవాళ్ల కదలిక చూసి నేర్చుకుంటుంది. కూతకి, అంటే రైడర్‌గా అవతలి కోర్టులోకి పంపడం అన్నిటికన్నా చివర.

అత్తిలి కుర్రాడు:
మాస్టారూ, ఒక్క జ్యోతిని చూపించి అందర్నీ గ్రౌండుకి తోలితే ఎలా? పొడుగని పిలిస్తే వెళ్లి ఏమీ కాకుండా తిరిగొచ్చినవాళ్ల పేర్లు పేపర్లో రావు కదా.

రిటైర్డ్ డ్రిల్ మాస్టారు:
నిజమే బాబూ. ఛాంపియన్ అవుతుందని నేననలేదు. నేర్చుకునే వయసు దాటిపోలేదని మాత్రమే అన్నాను.

ఎడమ కార్నర్:
మాస్టారూ, నమస్తే. మీరు చెప్పిందంతా ఒప్పుకుంటాను. కాకపోతే నేను అవతలి గట్టు మీద నిలబడి చూసినదాన్ని, అది కూడా వినండి.

ఆరో తరగతి నుంచి మా స్కూల్ టీమ్‌లో ఎడమ కార్నర్ నేను. నా ఎత్తు ఐదడుగులకి రెండంగుళాలు తక్కువ. మట్టి గ్రౌండులో మోచేతులు గీరుకుపోయి, చుండ్రు రాలినట్టు పొక్కులు రాలిపోయేవి. మూడేళ్లు ఆడాక తొమ్మిదిలో వేరే ఊరి నుంచి ఒక పొడుగమ్మాయి వచ్చి చేరింది. నెలా పది రోజుల్లో మండలం పోటీలు. మా సారు నన్ను పక్కన కూర్చోబెట్టి తనని కార్నర్‌లో నిలబెట్టారు. నేను వాటర్ బాటిళ్లు మోశాను. తను రెండుసార్లు ముందుకి దూకి ఖాళీ నేలని పట్టుకుంది. రైడర్ అదనపు పాయింట్ ఇచ్చే బోనస్ గీత దాటి కాలు పెట్టి నవ్వుకుంటూ వెనక్కి వెళ్లిపోయింది. మేం ఓడిపోయాం. ఆ అమ్మాయి గ్రౌండు గట్టు మీద కూర్చుని ఏడ్చింది. విచిత్రం ఏంటంటే ఓదార్చింది నేనే. పదిలో నేను ఆట మానేశాను.

ఆ పిల్ల మీద నాకెప్పుడూ కోపం లేదు. నా ప్రశ్నల్లా ఇదే: కొత్త పిల్లకి అవకాశం ఇవ్వాలని అందరూ అంటారు, ఆ అవకాశం ఎవరి చోటు నుంచి వస్తోందో ఎవరూ అడగరేం? నాన్నగారూ, మీ పాప వెళ్తే ఎవరు బయటికి వస్తారో ఒకసారి కనుక్కోండి.

రిటైర్డ్ డ్రిల్ మాస్టారు:
అమ్మా, ఆ తప్పు నేనూ చేశాను. మండలం కప్పు కళ్ల ముందు ఊగుతుంటే ఎత్తు ఒక్కటే కనిపిస్తుంది. మీ సారుకి బదులు నేను చెప్పలేను కానీ నా వరకు ఒప్పుకుంటున్నాను.

టీమ్ అంటే పన్నెండు మంది. ఏడుగురు లోపల, ఐదుగురు బయట. మొదటి ఏడాది కొత్త పిల్ల చోటు ఆ ఐదుగురిలో. ఆటలో తేడా బాగా వచ్చేశాక చివరి నాలుగు నిమిషాలు లోపలికి పంపాలి. ముందునుంచీ ఆడుతున్న పిల్లని లేపి కూర్చోబెట్టకూడదు.

ప్రైవేట్ ఉద్యోగి:
ఇదంతా బాగానే ఉంది. అసలు ఉపయోగం ఏంటి? కబడ్డీ ఒలింపిక్స్‌లోనే లేదు. స్పోర్ట్స్ కోటాలో సీటు వస్తుందంటే చెప్పండి, నేనూ మావాడిని పంపిస్తా.

ఎడమ కార్నర్:
మండలంలో ఆడిన కాగితంతో సీటు రాదండి. కోటా అంటే పై స్థాయి సర్టిఫికెట్లు కావాలి, ఆ దారిలో మండలం మొదటి మెట్టు మాత్రమే. ఒలింపిక్స్‌లో లేదు, నిజం. ఆసియా క్రీడల్లో 1990 నుంచి మగవాళ్లకి ఉంది, ఆడవాళ్లకి 2010లో వచ్చింది. ప్రో కబడ్డీ 2014లో మొదలైంది కానీ అది మగవాళ్ల లీగ్. కాబట్టి ఆడపిల్లని డబ్బు కోసమో సీటు కోసమో కబడ్డీకి పంపితే లెక్క తప్పుతుంది. ఆ మాట పాపకి ముందే చెప్పేయడం మంచిది.

ఫిజియో ఒకరు:
అమ్మగారి భయం గురించి ఎవరూ సరిగ్గా జవాబివ్వలేదు, అందుకే రాస్తున్నా. మోకాలి లిగమెంట్ దెబ్బలు, ముఖ్యంగా ఏసీఎల్, అదే ఆట ఆడే అబ్బాయిల కన్నా అమ్మాయిలకి ఎక్కువగా తగులుతాయి. భయం ఉత్తిది కాదు. కానీ వాటిలో చాలావాటికి అవతలి మనిషి గుద్దడం కారణం కాదు. గెంతి దిగేటప్పుడో, ఒక్కసారిగా దిశ మార్చేటప్పుడో మోకాలు లోపలికి వాలుతుంది. దాన్ని సరిచేయొచ్చు. ఇంట్లో పాపని చిన్న స్టూల్ మీద నుంచి రెండు కాళ్లతో కిందికి దూకమనండి, మీరు ఎదురుగా నిలబడి చూడండి. మోకాళ్లు ఒకదానికొకటి దగ్గరికొస్తే ఇంకా మ్యాచ్‌కి తయారు కాలేదన్నమాట. అద్దం ముందు స్క్వాట్లు, ఒంటికాలి మీద నిలబడటం, మెత్తగా దిగడం రోజూ పదిహేను నిమిషాలు చేయిస్తే కొన్ని వారాల్లోనే తేడా కనిపిస్తుంది.

ఇంకోటి. ఈ వయసు ఆడపిల్లల్లో రక్తం తక్కువ ఉండటం మామూలు. ఆయాసపడుతుంటే "స్టామినా లేదు" అని వదిలేయకుండా ఒకసారి హిమోగ్లోబిన్ చూపించండి. రోజూ ఒక గుడ్డు, గుప్పెడు పల్లీలు, వారంలో నాలుగు రోజులు ఆకుకూర. నెలసరి రోజుల్లో ఆడొచ్చా అని తల్లులు అడుగుతుంటారు. ఒంట్లో బాగుంటే ఆడొచ్చు, బాగా లేకపోతే ఆ మాట సారుకి చెప్పగలిగే చనువు పాపకి ఉండాలి. గ్రౌండు దగ్గర ఒక టీచరమ్మ ఉంటారా అని కూడా అడగండి.

చీపురుపల్లి నాన్న:
అందరికీ నమస్కారం. నిన్న శనివారం నేనే గ్రౌండుకి వెళ్లాను. చెప్పి వెళ్లలేదు, రావిచెట్టు వెనకాల బండి ఆపి చూశాను. ముగ్గుపిండితో గీతలు గీశారు. రెండు టీములు చేసి ప్రాక్టీస్ మ్యాచ్.

మా పాపని కూతకి పంపారు. (మాస్టారూ, మీరు చివర అన్నారు, ఈ సారు మొదటే పంపేశారు.) మధ్యగీత దాటాక గుర్తొచ్చి "కబడ్డీ కబడ్డీ" అంది. ఆలస్యమైందని విజిల్. అవతలివాళ్లకి ఒక పాయింట్. రెండోసారి కూత సరిగ్గానే మొదలుపెట్టింది, కానీ భయంతో పక్కకి జరిగి జరిగి ఎవరినీ ముట్టుకోకుండానే కోర్టు పక్కనుండే లాబీలో కాలు పెట్టింది. ఔట్. మూడోసారి కూతకిచ్చే ముప్పై సెకన్లలో సగం పైగా అక్కడక్కడే గెంతి, రైడర్ తప్పక దాటాల్సిన బాక్ గీత దాటకుండానే వెనక్కొచ్చింది. మళ్లీ ఔట్. నాకు చెమటలు పట్టాయి. వెళ్లి ఇంటికి తీసుకొచ్చేద్దామనుకున్నా.

తర్వాత కవర్‌లో నిలబెట్టారు. పక్కన ఒక చిన్నమ్మాయి, మా పాప భుజం దాకా కూడా లేదు, దీని చెయ్యి పట్టుకుని "అక్కా ఇప్పుడు కాదు... ఇప్పుడు కాదు..." అని లాగుతోంది. రైడర్ కాలు చాపగానే "ఇప్పుడు!" అని అరిచింది. ఇద్దరూ కలిసి పడ్డారు, ఆ రైడర్ కింద ఉంది. లేచాక మా పాప ముఖం చూడాలి. తొమ్మిది ఫస్ట్ యూనిట్ టెస్ట్‌లో లెక్కల్లో ఇరవైకి పంతొమ్మిది వచ్చినప్పుడు కూడా అలా లేదు.

ఎడమ కార్నర్ గారూ, మీరు అడగమన్నది అడిగాను. ఎవరి చోటూ పోవట్లేదట. సారు దగ్గర పన్నెండు మంది లేరు, తొమ్మిది మందే ఉన్నారు. ఆరు నుంచి ఆడిన ముగ్గురు ఈ జూన్‌లో పదికి రాగానే వాళ్ల ఇళ్లలో మాన్పించేశారు. అందుకే ప్రేయర్‌లో పొడుగు పిల్లల్ని వెతికారట.

ఎడమ కార్నర్:
లాబీ తొక్కని రైడర్ ఎవరండీ, నేను మొదటి వారంలో నాలుగుసార్లు తొక్కాను! ఆ చిన్నమ్మాయి పక్కనే నిలబెట్టమనండి సారుని. ఆ పిల్లకి ఆట తెలుసు.

తొమ్మిది మందే అన్నారు, అది చదివి కాసేపు ఏమీ రాయబుద్ధి కాలేదు. నేను మానేసినప్పుడు మా సారు కూడా నా బదులు ఎవరినో ఇలాగే ప్రేయర్‌లో వెతికి ఉంటారు.

ఇద్దరు పిల్లల తల్లి:
పాప సంబరం చదివితే నాకూ ముచ్చటేసింది. అయినా నా అభిప్రాయం మారలేదు. ఆ ముగ్గుర్ని మాన్పించిన తల్లుల్లో నేనూ ఒకదాన్ని అయ్యుండేదాన్ని, దాచుకోను. టెన్త్ ఏడాది వచ్చాక మీరు ఏం చేస్తారో ఇప్పుడే అనుకోండి. అప్పుడు హఠాత్తుగా మాన్పిస్తే ఇప్పుడు వద్దనడం కన్నా ఎక్కువ బాధపడుతుంది.

చీపురుపల్లి నాన్న:
అదే రాత్రి ఇంట్లో మాట్లాడుకున్నామండి. నాలుగున్నర నుంచి ఆరు వరకే గ్రౌండు. ఆదివారం లేదు. టెన్త్‌లో డిసెంబరు దాకా ఆడి, తర్వాత పరీక్షలయ్యేదాకా ఆపడం. పాప జనవరి అంది, వాళ్లమ్మ నవంబరు అంది, మధ్యలో కుదిరింది. మోచెయ్యి గీరుకుపోయి వచ్చిన రోజు మా ఆవిడ ఒక్క మాట అనకుండా కడిగి మందు రాసింది. తర్వాత "ఆ చిన్నపిల్ల ఎవరింటి పిల్ల?" అని అడిగింది. ఒప్పుకున్నట్టేనా, కాదా, నాకైతే తెలియట్లేదు.

మాస్టారూ, మండలం పోటీలకి పన్నెండో ప్లేయర్‌గా పేరు రాశారు. ఏమేం సిద్ధం చేయాలి?

రిటైర్డ్ డ్రిల్ మాస్టారు:
పుట్టినతేదీ కాగితం జిరాక్సు రెండు కాపీలు, స్కూలు సంతకంతో. పద్నాలుగు నిండితే అండర్ 17లో ఆడాలి, కాబట్టి ఎదురుగా తనకన్నా పెద్ద పిల్లలుంటారు, ఆ సంగతి చెప్పి పంపండి. మోకాలి క్యాప్‌లు కొంటే బిగుతుగా ఉన్నవి కొనండి, జారిపోయేవి ఉన్నా లేనట్టే.

గోళ్లు ముందురోజు రాత్రే కత్తిరించేయండి, అక్కడ చేతులు చూస్తారు. చెవులకి, ముక్కుకి, కాళ్లకి ఏమీ ఉండకూడదు. పట్టీలు ఇంట్లోనే తీసేసి పంపండి, గ్రౌండులో తీస్తే ఒకటి పోతుంది. జడకి పిన్నులొద్దు, రబ్బరు బ్యాండ్ వేసి ముడి పెట్టమనండి. ఒంటికి నూనె రాయకూడదు, చేతికి జారుతుందని ఒప్పుకోరు. తలకి కూడా ఆ పొద్దున వద్దని అమ్మగారికి చెప్పండి.