పాట “అందుకోవడం”: ఎవరిస్తే అందుకున్నట్టు?

మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది, పుట్టి పెరిగిందంతా బెజవాడలోనే. మొన్న వాళ్ళ నానమ్మ పాత రోజుల మిరప కోతల సంగతులు చెబుతూ “పదయ్యేసరికి ఎండ మాడు మీదికొచ్చేది, అప్పుడు నేనొక పాట అందుకునేదాన్ని” అంది. పిల్ల వెంటనే “ఎవరిచ్చారు నానమ్మా?” అని అడిగింది. ఆవిడ నవ్వి ఊరుకుంది కానీ నాకు మాత్రం ఆ ప్రశ్న వదలడం లేదు. పాట పాడటం, పాట మొదలెట్టడం అర్థమవుతాయి. మరి అందుకోవడం ఏమిటి? పెద్దలెవరైనా చెప్పగలరా?

—

మంచి ప్రశ్న అడిగిందండీ మీ అమ్మాయి. మాది తెనాలి దగ్గర పల్లె. మా ఇంట్లో వరి, మినుము. చిన్నప్పుడు సెలవుల్లో నాట్ల దగ్గర నారుకట్టలు విసరడం, మంచినీళ్ళ బిందె మోయడం నా పని. అక్కడ విన్నదాన్ని బట్టి చెబుతున్నాను.

మా పొలంలో పాటకు రెండు క్రియలు ఉండేవి. మొదట ఒకావిడ “ఎత్తుకునేది”. “వదినా, నువ్వు ఎత్తుకో, మేం అందుకుంటాం” అనేవాళ్ళు. ఎత్తుకోవడమంటే మొదటి చరణం తలకెత్తుకోవడం. పద్యానికి, పాటకు మొదటి భాగాన్ని “ఎత్తుగడ” అంటాం చూడండి, అదే మాట. ఇప్పుడు ఎత్తుగడ అనగానే రాజకీయ నాయకుల పన్నాగమే గుర్తొస్తోంది, అది నాకు కష్టంగా ఉంటుంది. తర్వాత మిగతావాళ్ళు “అందుకునేవాళ్ళు”. నాటు వేసేవాళ్ళు వరసగా వంగి వెనక్కి నడుస్తుంటారు కాబట్టి ఒకరి ముఖం ఒకరికి కనపడదు. పాట చెవికి చేరాలి, చేరిన చోట నుంచే తాను మొదలెట్టాలి. నారుకట్ట విసిరితే పట్టుకున్నట్టే. రోజంతా చూసిన పని అది కాబట్టి పాటకూ ఆ క్రియే సరిపోయిందని నాకనిపిస్తుంది.

“వంత” కూడా ఇక్కడిదే. బుర్రకథలో పక్కన ఉండే ఇద్దరినీ వంతలంటారు. ఆ కళకు పెద్దదిక్కు షేక్ నాజర్ గారు మన గుంటూరు జిల్లా పొన్నెకల్లువారే. వంత లేకపోతే కథకుడు ఊపిరి తీసుకోలేడు. అలాంటి గౌరవమైన మాట, ఇవాళ “వాడు వీడికి వంతపాడుతున్నాడు” అని తిట్టయి కూర్చుంది.

ఇక రేడియో. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. నా చిన్నతనానికి ట్రాన్సిస్టర్ పొలం దాకా వచ్చేసింది. మా బాబాయి దాన్ని తోలు సంచీతో సహా గట్టు మీది తుమ్మకొమ్మకు తగిలించేవాడు. సెల్లులు నీరసిస్తే తీసి ఎండలో పెట్టేవాడు. కాసేపటికి మళ్ళీ గొంతు లేచేది. విజయవాడ దగ్గరే కాబట్టి ఎప్పుడూ బాగా వచ్చేది. ఆడవాళ్ళకు కావాల్సిన సినిమా పాటలు దూరపు స్టేషన్లో వస్తుంటేనే తిప్పలు. “ఒరే అబ్బాయ్, అందట్లా, కొంచెం తిప్పరా” అని కేక వేసేవాళ్ళు. తిప్పేది ముల్లును కాదు, మొత్తం సెట్టునే. మీడియం వేవ్ పట్టే నల్లటి కడ్డీ సెట్టు లోపల అడ్డంగా ఉంటుంది. దాని కొన స్టేషన్ వైపుకు ఉంటే పాట సన్నగిల్లుతుంది, కడ్డీ అడ్డం తిరిగితే గట్టిపడుతుంది. నాకు ఆ సంగతి తెలియకుండానే చెయ్యి నేర్చుకుంది.

ఇప్పుడు మాట చూడండి. రేడియోవాళ్ళు పాటలు “అందిస్తారు”. మాకు స్టేషన్ “అందుతుంది”. నాట్లు వేసేవాళ్ళు పాట “అందుకుంటారు”. మూడూ ఒకటే ధాతువు. రేడియో వచ్చాక ఎత్తుకునే వదిన పని కొంత తగ్గింది కానీ అందుకోవడం ఆగలేదు. సాయంత్రం పాడిపంటలు కార్యక్రమంలో ఎరువుల మాటలు వచ్చినప్పుడు మగవాళ్ళు చెవి పెట్టేవాళ్ళు, ఆడవాళ్ళు సొంత పాటకు తిరిగి వెళ్ళేవాళ్ళు.

—

అండీ, ఒక సందేహం. “అందెవేసిన చెయ్యి” కూడా ఈ అందుకోవడం నుంచేనా?

—

కాదమ్మా. అది “అందె”, కాలికి పెట్టుకునే ఆభరణం. గొప్పతనానికి గుర్తుగా వేసేది. దీంతో చుట్టరికం లేదు. “చేతికందిన పంట”, “చేతికందొచ్చిన కొడుకు”, “అందితే జుట్టు, అందకపోతే కాళ్ళు”, ఇవీ మన మాటకు తోబుట్టువులు.

—

మాది పల్నాడు వైపు, పత్తి, మిరప. మా దగ్గర ఇప్పుడు మేస్త్రి ఫోన్‌కు బ్లూటూత్ స్పీకర్ తగిలించి సాలు మధ్యలో బకెట్ బోర్లించి దాని మీద పెడతాడు. ట్రాక్టర్ డ్రైవర్ల డెక్కు సరేసరి, రెండు పొలాల అవతలికి వినిపిస్తుంది. కుర్రాళ్ళు మాత్రం చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఎవరి పాట వాళ్ళు వింటున్నారు. “పాట వేయి”, “పాట పెట్టు” అంటున్నాం. అందుకోమని ఈమధ్య ఎవరూ అనగా వినలేదు. కల్లంలో తాలుకాయలు ఏరేటప్పుడు మాత్రం, కరెంటు పోయి స్పీకర్ ఛార్జింగ్ అయిపోతే, పెద్దావిడ ఎవరో ఒకరు మొదలెడతారు. అప్పుడు మా అమ్మ వయసువాళ్ళు నలుగురు కలుస్తారు.

—

అందరికీ నమస్కారం, ప్రశ్న అడిగింది నేనే. మీరు రాసిందంతా మా అమ్మకు చదివి వినిపించాను. నారుకట్ట పోలిక బాగుందంది. తమ ఊళ్ళో రేడియో గట్టు మీద వేపచెట్టుకు వేలాడేదట. కోతలో ఎవరి సాలు వాళ్ళది, ఈవిడ సాలు ఎప్పుడూ చెట్టు పక్కనే. అవతలి కొసనున్నవాళ్ళకు రేడియో వినపడదు కదా. ఈవిడ గట్టిగా పాడితే అది విని వాళ్ళు కలిసేవాళ్ళు. మా అమ్మాయిని పిలిచి చెప్పింది: “నాకు రేడియో ఇచ్చేదే. ఆ చివర సాళ్ళవాళ్ళకు నేనిచ్చేదాన్ని.”