పాత కాంపాక్ట్ పిస్టల్ కొని దగ్గర పెట్టుకోవాలంటే ఏం చూసుకోవాలి? (టెక్సాస్, గ్రీన్‌కార్డుదారులు)

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఫ్రిస్కోలో ఉంటున్నాము. ఈ ఏడాదే నాకూ, నా భార్యకూ గ్రీన్‌కార్డులు వచ్చాయి. నేను మరొకరితో కలిసి ఒక గ్యాస్ స్టేషన్ నడుపుతున్నాను. రాత్రి దుకాణం కట్టేసి నగదుతో బయటికి వచ్చే వేళకు ఆ చుట్టుపక్కల నరమానవుడు కనిపించడు. ఈ మధ్య ఆ వీధిలోనే ఒక దోపిడీ జరిగిన తరువాత, చొక్కా కింద పెట్టుకోవడానికి వీలైన చిన్న పిస్టల్ ఒకటి కొనాలని నిశ్చయించుకున్నాను. కొత్తది కొనే ఉద్దేశం లేదు. ఒక తుపాకుల దుకాణంలో పోలీసు శాఖ వాడి తిరిగి ఇచ్చేసిన మూడవ తరం గ్లాక్ 19 ఒకటి 400 డాలర్ల లోపే ఉన్నది. పరిచయస్తులొకరు తమ సిగ్ పీ365ను నేరుగా నాకే అమ్ముతామంటున్నారు. వీటిలో ఏది మేలు, తీసుకునే ముందు ఏమేమి పరీక్షించాలి? ఇంట్లో చదువుకునే పిల్లలు ఇద్దరున్నారు, హెచ్-1బీ వీసా మీద ఉన్న మా బావమరిది కూడా మాతోనే ఉంటాడు.

మొదటి సమాధానం:

నమస్కారమండీ. మీ ప్రశ్నలోని చివరి వాక్యంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే మన తెలుగువారిలో చాలామంది పట్టించుకోనిది అదే. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం, వలసేతర వీసా మీద ఈ దేశంలో ఉన్నవారు, అంటే హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, బీ-2 వంటి వీసాల వారు, తుపాకీని గాని తూటాలను గాని కలిగి ఉండకూడదు. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్న మాట నిజమే, కాని వాటిని నమ్ముకుని అడుగు వేసే ముందు న్యాయవాదిని సంప్రదించి తీరాలి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు, కాబట్టి మీరూ, మీ శ్రీమతిగారూ కొనవచ్చు. మీ బావమరిదిగారి సంగతి అలా కాదు. ఆ పిస్టల్ ఆయన అందుబాటులో ఉన్నా, సరదాకు రేంజ్‌కు (కాల్పుల సాధన స్థలానికి) తీసుకువెళ్లి నాలుగు రౌండ్లు కాల్పించినా, అది ఆయన కలిగి ఉన్నట్లే లెక్కకు వచ్చే ప్రమాదం ఉన్నది. 2022లో వచ్చిన సవరణ తరువాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. కొనలేని వ్యక్తి కోసం మరొకరు తమ పేరు మీద కొనిపెట్టడం వేరొక నేరం, దానికీ అంతే శిక్ష.

మీ విషయంలో మరొకటి ఉన్నది. తుపాకీకి సంబంధించిన నేరంలో శిక్ష పడితే, గ్రీన్‌కార్డు ఉన్న మనిషిని దేశం నుంచి పంపివేయడానికి వలస చట్టంలో అదొక ప్రత్యేకమైన కారణంగా రాసి ఉన్నది. ఒక పౌరుడు జరిమానా కట్టి బయటపడగల పొరపాటు మీ సంసారాన్నే కదిలించగలదు. అందువల్ల పాత పిస్టల్‌లో అరుగుదల ఎంత ఉన్నదనే దానికన్నా, అది మీ చేతికి ఏ దారిలో వచ్చింది, మీ ఇంట్లో ఎక్కడ ఉంటుంది అనే రెండు విషయాలకు మీరు ఎక్కువ విలువ ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

ఇక కొనుగోలు. లైసెన్సు ఉన్న దుకాణంలో కొంటే 4473 అనే ఫారం నింపాలి, అందులో మీ గ్రీన్‌కార్డు మీద ఉండే ఏలియన్ నంబరు రాయాలి, ఎఫ్‌బీఐ వారి తనిఖీ జరుగుతుంది. డ్రైవింగ్ లైసెన్సు మీద ఇప్పటి చిరునామా లేకపోతే ఆ చిరునామా ఉన్న మరొక ప్రభుత్వ పత్రాన్ని, ఉదాహరణకు కారు రిజిస్ట్రేషన్‌ను, తోడు తీసుకువెళ్లండి. ఒక్కొక్కసారి జవాబు వెంటనే రాకుండా ఆలస్యం అని చూపుతుంది, దానికి కంగారు పడనక్కరలేదు. పరిచయస్తుల దగ్గర నేరుగా కొనడానికి, ఇద్దరూ టెక్సాస్ నివాసులే అయితే, ఈ తనిఖీ చట్టరీత్యా అవసరం లేదు. అయినా మీరు మాత్రం ఆ అమ్మకాన్ని కూడా ఒక దుకాణం ద్వారానే చేయించుకోండి. కొద్దిపాటి రుసుముతో ఆ తుపాకీ మీకు ఏ రోజున, ఎవరి నుంచి వచ్చిందో రికార్డు మిగులుతుంది. అమ్మేవారు వేరే రాష్ట్రంలో ఉంటే పిస్టల్ విషయంలో అది తప్పనిసరి. దుకాణం వారు చేసే తనిఖీ కొనేవారి గురించే గాని తుపాకీ గురించి కాదు, కనుక దొంగసొత్తు కాదని తేల్చుకోవడానికి సీరియల్ నంబరును స్థానిక పోలీసులకు చూపించి అడగడం మంచిది. ఆ నంబరు గీకి ఉన్నా, చెరిపినట్లు అనుమానం వచ్చినా, చేత్తో ముట్టకుండా తిరిగి వచ్చేయండి.

పోలీసు శాఖలు తిరిగి ఇచ్చిన పిస్టళ్ల మీద నాకు మంచి అభిప్రాయమే ఉన్నది. ఇవి ఏళ్ల తరబడి హోల్‌స్టర్‌లో (నడుముకు పెట్టుకునే ఒరలో) తిరిగి బయటంతా గీరుకుపోయి ఉంటాయి, కాని సాధారణంగా కాల్చింది తక్కువ. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జారే ఉక్కు భాగం) అంచుల దగ్గర నల్ల పూత పోయి లోపలి ఉక్కు తెల్లగా కనిపిస్తే దాన్ని చూసి వెనకాడకండి, అది ఒరలోకి పెట్టి తీయడం వల్ల వచ్చిన అరుగుదల. అసలు చూడవలసింది లోపల. ముందుగా దుకాణదారుని అనుమతి అడగండి. మ్యాగజైన్ (తూటాలు నింపే డబ్బీ) తీసివేసి, గొట్టాన్ని (బ్యారెల్‌ను) ఎవరూ లేని వైపు ఉంచి, స్లైడ్‌ను వెనక్కి లాగి పట్టి, చాంబర్‌ను, అంటే కాల్చడానికి తూటా కూర్చునే గదిని, కంటితో చూడండి, చిటికెన వేలు పెట్టి కూడా చూడండి. గ్లాక్‌ను విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కక తప్పదు కనుక ఈ రెండు పరీక్షలూ ఎన్నడూ మానకూడదు. చాంబర్‌లో ఒక్క తూటా మిగిలిపోయిన సంగతి మరచి, తుడవడానికి విప్పుతూ అరచేతిని పేల్చుకున్నవారు ఉన్నారు. సిగ్ పీ365కు ఈ నొక్కుడు అవసరం లేదు, అది దానిలో ఒక సుగుణం.

విప్పిన తరువాత బ్యారెల్‌ను దీపం వైపు పట్టుకుని వెనుక నుంచి చూడండి. లోపలి మెలికలు శుభ్రంగా, మెరుస్తూ కనిపించాలి. ఎక్కడైనా నీడలాంటి వలయం అడ్డంగా కనిపిస్తే, లోపల ఒక తూటా ఇరుక్కుని ఉండగా మరొకటి కాల్చి ఉంటారు, గొట్టం అక్కడ ఉబ్బింది. అలాంటిదాన్ని ఎంత చవకగా ఇచ్చినా తీసుకోకండి. కాల్చిన తూటా ఖాళీ గుల్లను బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కొన విరగకుండా ఉన్నదేమో గోటితో తడిమి చూడండి. ప్లాస్టిక్ ఫ్రేమ్‌లో స్లైడ్ జారే ఇనుప పట్టాలు నాలుగూ వంగకుండా ఉండాలి. గ్లాక్‌కు ఫ్రేమ్ మీద, స్లైడ్ మీద, బ్యారెల్ మీద మూడుచోట్లా ఒకే సీరియల్ నంబరు ఉంటుంది. ఒకటి తేడాగా ఉంటే ఆ భాగాన్ని తరువాత మార్చారని అర్థం. పీ365లో చట్టం దృష్టిలో తుపాకీ అనిపించుకునేది లోపల ఉన్న ట్రిగ్గర్ యంత్రాంగమే. దాని నంబరు పిడిలోని చిన్న కిటికీ గుండా కనిపిస్తుంది. పైన ఉన్న పిడిని ఎవరైనా మార్చుకోవచ్చు కాబట్టి పిడి కొత్తగా ఉన్నంత మాత్రాన పిస్టల్ కొత్తది కాదు.

పాత పిస్టళ్లలో నేను అన్నిటికన్నా భయపడేది అరుగుదలకు కాదు, ముందటి యజమాని చేతిపనికి. ట్రిగ్గర్ తేలికగా కదలాలని భాగాలను రాకి పాలిష్ చేసేవారు, బలహీనమైన స్ప్రింగులు వేసేవారు చాలామంది ఉన్నారు. మీరు కడుపు దగ్గర పెట్టుకుని తిరిగే ఆయుధంలో అలాంటి పని ఒక్కటి కూడా ఉండకూడదు. కొనకముందే ఏమైనా మార్చారా అని సూటిగా అడగండి, జవాబు నసిగితే వదిలేయండి. దుకాణంలో ఉన్న తయారీ సంస్థ శిక్షణ పొందిన మెకానిక్ చేత ట్రిగ్గర్ భాగాలను అసలువాటితో పోల్చి చూపించుకోవడం ఇంకా మేలు.

లోపాలు బయటపడిన మోడళ్ల సంగతి కూడా చూసుకోవాలి. 2018లో మొదట వచ్చిన పీ365లలో తూటాను పేల్చే ఫైరింగ్ పిన్ విరుగుతున్నదనీ, ట్రిగ్గర్ ముందుకు రావడం లేదనీ ఫిర్యాదులు వచ్చాయి. ఆ తరువాత సంస్థ వాటిని సరిచేసింది. మీ పరిచయస్తులది ఆ తొలి నెలల్లోదైతే ఆ భాగాలు మార్చినట్లు ఆధారం అడగండి. స్మిత్ అండ్ వెస్సన్ షీల్డ్ అనే మరొక చిన్న పిస్టల్ వైపు చూసేవారు 2013 ఆగస్టుకు ముందు తయారైనవాటికి భద్రతా హెచ్చరిక వచ్చిన సంగతి గుర్తుంచుకోవాలి. రాత్రి వెలిగే సైట్లు (గురి చూసే గుర్తులు) ఉన్నాయని ఎక్కువ ధర చెబితే వాటి వయసు అడగండి. వాటిలోని ట్రిటియం అనే రేడియోధార్మిక వాయువు వెలుగు సుమారు 12 ఏళ్లకు సగానికి పడిపోతుంది, పోలీసు శాఖ నుంచి వచ్చినవి చాలావరకు అప్పటికే మసకబారి ఉంటాయి.

రెండవ సమాధానం:

నేను ఇర్వింగ్ దగ్గర రేంజ్‌లో ఆడవారికి శిక్షణ ఇస్తుంటాను. పైన చెప్పినవారి మాటలతో ఏకీభవిస్తూ, ఏది కొనాలన్న దాని గురించి నాలుగు మాటలు చెబుతాను. గ్లాక్ 19లో 15 తూటాలు పడతాయి, బ్యారెల్ 4 అంగుళాలు. పీ365లో మామూలు మ్యాగజైన్‌తో 10, బ్యారెల్ 3.1 అంగుళాలు. చొక్కా కింద బయటపడేది బ్యారెల్ కాదు, పిడి. వంగినప్పుడు వెనుక భాగం ఉబ్బెత్తుగా పొడుచుకొస్తుంది. ఆ లెక్కన పీ365 బాగా దాగుతుంది, కాని చిన్న పిస్టల్ చేతిలో ఎగిరిపడుతుంది, కొత్తగా నేర్చుకునేవారు రెండు డబ్బాల తూటాలు కాల్చేసరికి చెయ్యి నొప్పి పుట్టి సాధన మానేస్తారు. మీరు ఇంతకుముందు కాల్చినవారు కాకపోతే గ్లాక్ 19నే తీసుకోమంటాను. రెండూ అద్దెకిచ్చే రేంజ్‌లు మన చుట్టుపక్కల ఉన్నాయి కాబట్టి మీరూ, మీ శ్రీమతిగారూ వెళ్లి కాల్చి చూసిన తరువాతే డబ్బు కట్టండి.

కొన్న తరువాత, స్లైడ్‌ను తిరిగి ముందుకు నెట్టే రికాయిల్ స్ప్రింగ్‌ను వయసు అడగకుండా కొత్తది వేయించండి, దాని ఖర్చు స్వల్పం. మ్యాగజైన్లు కనీసం మూడు ఉండాలి, వాటిలో ఒకటైనా కొత్తది కావాలి, ఎందుకంటే తూటా ఇరుక్కుపోవడానికి చాలాసార్లు మ్యాగజైన్ పెదవులే (పై అంచులే) కారణం. సాధన తూటాలు 200 వరకు, ఆత్మరక్షణకు వాడదలచిన, కొనలో గుంట ఉండే హాలో పాయింట్ తూటాలు కనీసం 50, ఒక్క ఆటంకం లేకుండా కాల్చిన తరువాతే నడుముకు పెట్టుకోండి. హోల్‌స్టర్ దగ్గర మాత్రం పొదుపు చేయవద్దు. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే కైడెక్స్ అనే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్ ఉండాలి, దానికి తగిన గట్టి బెల్టు ఉండాలి. గ్లాక్‌కు బయట సేఫ్టీ మీట ఉండదు కనుక, మెత్తని గుడ్డ హోల్‌స్టర్‌లో చొక్కా కొస ట్రిగ్గర్‌లోకి దూరితే చాలు, ప్రమాదం జరుగుతుంది. తిరిగి పెట్టేటప్పుడు చొక్కాను ఎడమచేత్తో పైకి పూర్తిగా ఎత్తి, కళ్లతో చూస్తూ, నిదానంగా పెట్టండి.

అడిగినవారి స్పందన:

ఇద్దరికీ కృతజ్ఞతలు. 2021 నుంచి టెక్సాస్‌లో లైసెన్సు లేకుండానే పిస్టల్ పెట్టుకోవచ్చని విన్నాను. అయినా లైసెన్సు తీసుకోవాలా? పిల్లలను బడి దగ్గర దింపేది నేనే. బావమరిది ఉన్న ఇంట్లో దీన్ని ఎలా ఉంచాలి? ఈ డిసెంబరులో హైదరాబాద్ వెళ్లవలసి ఉన్నది, అప్పుడు ఏం చేయాలి?

మొదటి సమాధానమిచ్చినవారు:

తప్పక తీసుకోండి. 2021 సెప్టెంబరు 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టరీత్యా అనర్హత లేనివారు లైసెన్సు లేకుండా పెట్టుకోవచ్చన్నది నిజమే. అయితే బడికి వెయ్యి అడుగుల లోపల తుపాకీ ఉండకూడదనే ఫెడరల్ చట్టం వేరే ఉన్నది, ఆ రాష్ట్రం ఇచ్చిన లైసెన్సు ఉన్నవారికి దాని నుంచి మినహాయింపు. పిల్లలను దింపే మీకు ఈ ఒక్క కారణం చాలు. నాలుగు నుంచి ఆరు గంటల తరగతి, రాత పరీక్ష, 50 తూటాల కాల్పు పరీక్ష, 40 డాలర్ల రుసుము, అంతే. లైసెన్సు ఉన్నా బడి భవనంలోకి, కోర్టులోకి, పోలింగ్ కేంద్రంలోకి, ఎర్రటి 51 శాతం బోర్డు (ఆదాయంలో సగానికి పైగా మద్యం అమ్మకాలదేనని తెలిపేది) ఉన్న బార్‌లోకి తీసుకువెళ్లకూడదు. పౌరసత్వ ఇంటర్వ్యూకు వెళ్లే ఇమిగ్రేషన్ కార్యాలయం ఫెడరల్ భవనం, అక్కడికీ నిషేధమే. గుడి గుమ్మం దగ్గర 30.06 అని ఇంగ్లీషులో, స్పానిష్‌లో అంగుళం ఎత్తు అక్షరాల బోర్డు ఉంటే, లైసెన్సు ఉన్నా పిస్టల్‌తో లోపలికి వెళ్లకూడదు. దారిలో పోలీసు ఆపి గుర్తింపు అడిగినప్పుడు, పిస్టల్ మీ దగ్గర ఉంటే, డ్రైవింగ్ లైసెన్సుతో పాటు ఈ లైసెన్సును కూడా చూపాలి.

ఇంట్లో దాని చోటు పడకగది గోడకో, నేలకో బోల్టులతో బిగించిన ఇనుప పెట్టె. తాళం కోడ్ మీ దంపతులిద్దరికే తెలియాలి. తూటాలు కూడా అందులోనే ఉండాలి, ఎందుకంటే మీ బావమరిదిగారి విషయంలో నిషేధం తూటాలకూ వర్తిస్తుంది. వేసవికి అమ్మానాన్నలు బీ-2 మీద వస్తే వారికీ ఇదే నియమం. కోడ్‌ను పిల్లల పుట్టినరోజు తేదీగా పెట్టకండి. 17 ఏళ్ల లోపు పిల్లలకు తుపాకీ అందేలా నిర్లక్ష్యంగా ఉంచడం టెక్సాస్‌లో నేరం. మీ బావమరిదిగారిని కూర్చోబెట్టి, ఆ పెట్టె జోలికి తాను ఎందుకు రాకూడదో వివరంగా చెప్పండి. ఆయన గ్రీన్‌కార్డు దరఖాస్తు కూడా దీనితో ముడిపడి ఉన్నదని తెలిస్తే ఆయనే జాగ్రత్తపడతారు.

హైదరాబాద్ ప్రయాణానికి పిస్టల్ పెట్టెలోనే ఉండిపోవాలి, ఆ విషయంలో రెండో ఆలోచనే వద్దు. అసలు ప్రమాదం సంచిలో మరచిపోయిన తూటాతో. రేంజ్‌కు తీసుకువెళ్లిన బ్యాక్‌ప్యాక్‌నే ప్రయాణానికి సర్దుకుని, జేబు మూలలో మిగిలిన ఒక్క తూటాతో భారత విమానాశ్రయాల్లో పట్టుబడి, ఆయుధాల చట్టం కింద కేసులో ఇరుక్కున్న ప్రవాసులు ఉన్నారు. తెలియక జరిగిందని కోర్టులు ఆ తరువాత కేసు కొట్టివేసినా, ఈలోపు పాస్‌పోర్టు, సెలవు, టికెట్లు అన్నీ చిక్కులో పడతాయి. రేంజ్‌కు వేరే సంచి కొనండి, దాన్ని ఎన్నడూ మరొక పనికి వాడకండి. ఇప్పటికే ఏ సంచినైనా రేంజ్‌కు తీసుకువెళ్లి ఉంటే, డిసెంబరులో బట్టలు సర్దే ముందు దాన్ని తలకిందులు చేసి దులిపి, ప్రతి జిప్పు తెరిచి, అడుగున కుట్టు పక్కన ఉండే చీలికల్లో కూడా వేలు పెట్టి చూడండి.